అనంతపురంలో ఫోటో ఎడిటింగ్‌కు ఇచ్చేవాళ్లు జాగ్రత్త: మా కరియ ఫోటో ఇస్తే ఎవరి కుక్కనో చేతిలో పెట్టినాడు

ఇప్పుడే ఆ స్టూడియో నుంచి వచ్చినా. ఇంకా చేతులు వణుకుతాండాయి, తప్పులుంటే సర్దుకొని చదవండి.

పేరు రాయను. ఇన్‌స్టాలో ‘ముందు, తర్వాత’ అని రీల్స్ పెడతాంటాడే, ఆయప్పే. నేనూ ఆ రీల్స్ చూసే పడినా.

మా కుక్క కరియ కన్నుమూసి నెల కూడా కాలేదు. పదకొండేండ్లు మాతోనే ఉండింది. దానికి మంచి ఫోటో అంటే ఒక్కటే, మా బామ్మర్ది కెమెరాతో తీసింది. బ్లాక్ అండ్ వైట్ చేయించి 12 బై 18 ఫ్రేమ్ కట్టించాలనుకున్నా. 1,800 అన్నాడు. ముందు శాంపిల్ చూపించప్పా అని ఒక్క మాట అడక్కుండా మొత్తం ఫోన్‌పే కొట్టేసిన మహానుభావుణ్ణి నేనే. వంకాయలు కొనేటప్పుడు మాత్రం ఒక్కోదాన్నీ నాలుగుసార్లు తిప్పి చూస్తా.

నల్ల కుక్క ఫోటో కష్టమే, ఒప్పుకుంటా. నీడల్లో వెలుగు కాస్త లేపకపోతే వెంట్రుకలన్నీ కలిసి బొగ్గుముద్దయిపోతాయి. మరీ లేపితే బూడిద కుక్కవుతుంది. పైగా దాని మెడలో ఎర్ర పట్టీ, వెనకేమో పచ్చటి కానుగ చెట్టు. రంగు ఊరికే తీసేస్తే ఎరుపూ పచ్చా రెండూ ఒకే బూడిదలో కలిసిపోతాయంట. ఒక్కో రంగును విడిగా తెలుపు చేసుకోవడానికో నలుపు చేసుకోవడానికో ఫోటోషాప్‌లో ఆరు స్లైడర్లున్నాయి, 2007లో వచ్చిన సీఎస్3 వెర్షన్ నుంచీ ఉన్నాయి. ఇదంతా బామ్మర్ది నాకు చెప్పినాడు, నేను పోయి స్టూడియోలో ఒప్పజెప్పినా. బాగా తలూపినాడు. ఆ తలూపుడుకే 1,800.

నిన్న సాయంత్రం ఫ్రేమ్ తెచ్చి మంచం మీద పెట్టినా. మాయమ్మ అద్దాలు పెట్టుకొని వచ్చి, కాసేపు చూసి, “ఎవురిదిరా ఈ కుక్క?” అనింది.

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది.

కరియ ఎడమ చెవి కొస చినిగి ఉంటుంది. పిల్లప్పుడు వీధి కుక్కలు పట్టుకున్నాయి. మా వీధిలో దాని గుర్తే ఆ చెవి. ఫ్రేమ్‌లో రెండు చెవులూ కత్తిరించి అతికించినట్టు సమానంగా ఉండాయి. మూతి చుట్టూ నెరిసిన వెంట్రుకలు నల్లగయిపోయినాయి. బొచ్చంతా షూ పాలిష్ కొట్టినట్టు నున్నగా ఉంది. పట్టీ ఏదో చెట్టేదో తెలీడంలా. ప్రింటుకు మళ్లీ ఆకుపచ్చ ఛాయ ఒకటి. బ్లాక్ అండ్ వైట్‌ను రంగుల పేపరు మీద చూసుకోకుండా వేస్తే అట్లా వస్తుందంట.

ఇవన్నీ ఓర్చుకుంటా. కండ్లు చూడండి. అసలు ఫోటోను జూమ్ చేస్తే కరియ కంట్లో మా వాకిలి వెలుగు కనపడుతుంది, ఆ వెలుగులో లుంగీ కట్టుకొని నిలబడిన మా నాయన కనపడతాడు, గోరంత నీడ. ఫోటో తీసేటప్పుడు కరియను పిలిచింది ఆయనే. దాన్ని చెరిపేసి గుండ్రటి రింగ్ లైటు పెట్టినాడు. మా కరియ ఏమన్నా యూట్యూబ్ ఛానల్ నడిపిందా?

పొద్దున్నే పోయి అడిగినా. భయపడతాడనుకున్నా, గర్వంగా చెప్పినాడు. “చెవి చినిగి ఉండె కదన్నా, ఏఐలో సరిచేసినా. మూతి తెల్లగుంటే ముసలిదానిలా ఉంది, అదీ మార్చినా. వీటికి ఎక్స్‌ట్రా తీసుకోలేదు.”

ముసలిదే కదప్పా అన్నా.

మళ్లీ చెయ్యి, చేసిన మార్పులు విడివిడిగా దాచుకునే లేయర్లు ఉంటాయి కదా అంటే, అవేమీ సేవ్ చేయలేదన్నాడు. డబ్బులివ్వు అంటే అన్నాడు చూడండి, ఫోన్‌లోంచి తల కూడా ఎత్తకుండా: “కుక్క ఫోటోకు ఎందుకన్నా ఇంత రాద్ధాంతం? పెండ్లి ఆల్బమ్‌లకే ఎవరూ ఇట్లా అడగరు.” కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లోడు కిసుక్కున నవ్వినాడు.

పెండ్లికూతుర్ని మార్చేసినా ఎవరూ అడగలేదేమో మరి! ఈ జవాబు అక్కడ తట్టలేదు నాకు. స్కూటర్ మీద టవర్ క్లాక్ దాటినాక తట్టింది. అక్కడేమో, సరేలే అని తల దించుకొని వచ్చేసినా. చెవి గురించి గట్టిగా రెండు మాటలు కూడా మాట్లాడలేకపోయినా, దానికే నాకు ఎక్కువ మంట.

మీరెవరైనా ఇస్తే, స్క్రీన్ మీద చూసినాకే డబ్బులివ్వండి. ఏది ముట్టుకోగూడదో వాట్సాప్‌లో రాసి పంపండి, నోటి మాట వద్దు. ఫోటోను డాక్యుమెంటుగా పంపండి, మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది. 12 బై 18 అంగుళాల ప్రింటుకు, అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 3600 బై 5400 పిక్సెళ్లు కావాల. ఏఐ వాడతావా అని ముందే అడగండి.

ఫ్రేమ్ ఇప్పుడు బీరువా వెనక గోడవైపు తిప్పి పెట్టినా. అసలు ఫైలు బామ్మర్ది దగ్గర భద్రంగా ఉంది, ఆ ఒక్కటే అదృష్టం. చేత్తో నిదానంగా ఎడిట్ చేసేవాళ్లు ఎవరైనా తెలిస్తే చెప్పండి, కర్నూలైనా కడపైనా వస్తా. చెవి మాత్రం అట్లే ఉండాల.