రాత్రిపూట కట్టుకునే మణికట్టు స్ప్లింటు: కొనేముందు చూసుకోవలసినవి

మందుల షాపుల్లోనూ సర్జికల్ సామాను దుకాణాల్లోనూ రిస్ట్ స్ప్లింట్ పేరుతో అమ్మే, అరచేతి వైపు అల్యూమినియం బద్ద ఉండి వెల్క్రో పట్టీలతో బిగించుకునే సాధనం గురించి ఈ సమీక్ష. మా అమ్మగారు చాలా ఏళ్లుగా ఇంట్లో జాకెట్లు కుడుతున్నారు. ఆవిడకు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు అర్ధరాత్రి తిమ్మిరెక్కి మంటపెట్టడం, మెలకువ వచ్చి చెయ్యి విదిలిస్తే కాస్త ఊరట కలగడం, పగలు హుక్కులు కుట్టేటప్పుడు సూది వేళ్లమధ్య నుంచి జారిపోవడం మొదలయ్యాక ఎముకల వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాం. ఆయన థైరాయిడ్, షుగర్ పరీక్షలతోపాటు నరాల పనితీరు పరీక్ష కూడా చేయించి, మణికట్టు దగ్గర నరం నలగడం వల్ల వచ్చే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అని నిర్ధారించి, రాత్రిపూట కట్టుకోవడానికి స్ప్లింటు రాసిచ్చారు. సాధనం మంచిదే, ఖరీదు కూడా భరించగలిగినదే. లోపమంతా దాన్ని అమ్మే తీరులో ఉంది. అందువల్లనే చాలామంది కొన్నాళ్లు కట్టుకుని, పనిచేయడం లేదని మూలన పడేస్తున్నారు.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే కొనేటప్పుడు ఏం చూడాలో తెలుస్తుంది. మణికట్టు దగ్గరి చిన్న ఎముకలు అడుగున కమానులా అమరి ఉండగా, వాటిమీద ఒక మందపాటి లిగమెంటు (ఎముకలను కలిపి పట్టి ఉంచే గట్టి పట్టీ) అడ్డంగా కప్పి ఉంటుంది. ఈ రెంటి మధ్య ఏర్పడిన ఇరుకుదారే కార్పల్ టన్నెల్. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లూ (కండరాలను ఎముకలకు కలిపే తాళ్లలాంటివి), వాటితోపాటు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేళ్లకు స్పర్శనిచ్చే మీడియన్ నరమూ ఆ దారిలోంచే అరచేతిలోకి వెళతాయి. టెండన్ల చుట్టూ ఉన్న పొర ఉబ్బినా, ఒంట్లో నీరు చేరినా, నలిగేది మెత్తగా ఉండే నరమే. మణికట్టును లోపలికి వంచినా వెనక్కి విరిచినా ఆ దారిలో ఒత్తిడి బాగా పెరుగుతుంది. చెయ్యి ముంజేతితో ఒకే వరుసలో ఉన్నప్పుడు తక్కువగా ఉంటుంది. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుని పడుకుంటాం కనుక బాధ రాత్రిపూట ఎక్కువ. ఆ వంపు రాకుండా ఆపడమే స్ప్లింటు చేసే పని. అది నరానికి బలం ఇవ్వదు, రక్తప్రసరణ పెంచదు; పెట్టెమీద అటువంటి మాటలు కనిపిస్తే పట్టించుకోనవసరం లేదు.

ఇక అసలు విషయానికి వస్తే, దుకాణాల్లో దొరికే స్ప్లింట్లలో చాలావాటికి లోపలి బద్ద చేతిని కాస్త వెనక్కి ఎత్తి పట్టేలా వంచి ఉంటుంది. చెయ్యి వాలిపోయినవారికి, బెణికినవారికి ఆ వంపు పనికివస్తుంది గానీ కార్పల్ టన్నెల్ ఉన్నవారికి అది తగదు, ఎందుకంటే ఒత్తిడి తగ్గవలసిన చోట ఆ వంపే కొంత ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. మేము కొన్నది కూడా అలా వంచి ఉన్నదే. దుకాణంలో అడిగితే ‘అందరికీ ఇదేనండీ, రోజంతా కట్టుకోండి’ అన్నారు తప్ప బద్దను సరిచేసుకోవచ్చని చెప్పలేదు. మరుసటిసారి వెళ్లినప్పుడు వైద్యుని దగ్గరి ఫిజియోథెరపిస్టు ఆ బద్దను గుడ్డసంచిలోంచి బయటికి లాగి, బల్ల అంచుకు ఆనించి నెమ్మదిగా నొక్కి తిన్నగా చేసి, తిరిగి దూర్చి ఇచ్చారు. అల్యూమినియం మెత్తనిది కాబట్టి ఆ పని ఇంట్లో ఎవరైనా చేయవచ్చు. స్ప్లింటు కట్టుకుని చేతిని బల్లమీద పక్కకు ఆనించి చూసినప్పుడు చేతివెనుక భాగమూ ముంజేయీ ఒకే గీతలా కనిపిస్తే సరిగా కుదిరినట్టు. బద్ద బయటికి రాకుండా కుట్టేసిన రకాలు కూడా ఉన్నాయి, వాటిని ఈ అవసరానికి కొనవద్దని గట్టిగా చెబుతాను.

కొలత కూడా అంతే ముఖ్యం. మణికట్టు చుట్టుకొలతను టేపుతో కొలిచి, కుడిచేతిదా ఎడమచేతిదా చూసుకుని తీసుకోవాలి. కట్టుకున్నాక పిడికిలి పూర్తిగా ముడవగలగాలి. స్ప్లింటు పై అంచు అరచేతిలో వేళ్ల కిందుగా ఉండే అడ్డగీతను దాటి పైకి వస్తే వేళ్లు సగమే ముడుచుకుని, పొద్దున్నకి బిగుసుకుపోయి ఉంటాయి. పట్టీల విషయంలో మనవాళ్లు ఎంత బిగిస్తే అంత గుణమని అనుకుంటారు. నిజానికి ఇరుకుతో ఇబ్బంది పడుతున్న నరం మీద పైనుంచి మరో నొక్కుడు పెట్టినట్టవుతుంది. పట్టీ కింద ఒక వేలు సులువుగా దూరేంత వదులు ఉండాలి. క్రేప్ బ్యాండేజీ చుట్టడం దీనికి ప్రత్యామ్నాయం కాదు; అది మణికట్టు వంగడాన్ని ఆపదు, పైగా బిగిస్తుంది.

మన ఎండలకు లోపలి స్పాంజి గుడ్డ చెమటపట్టి దురద పెడుతుంది. అమ్మగారు పాత నూలు మేజోడు ముందుభాగం కత్తిరించి చేతికి తొడిగి దానిమీద కట్టుకున్నాక ఆ ఇబ్బంది తగ్గింది. వెల్క్రో కొక్కేలు దుప్పటి దారాలను, నూలు చీరలను లాగి పాడుచేస్తాయి కనుక విప్పగానే పట్టీలను అంటించి పెట్టాలి. ఉతికేముందు బద్ద తీసి, చల్లని నీటిలో చేత్తో ఉతికి, నీడన ఆరవేయాలి. బద్దను తిరిగి అరచేతి వైపే దూర్చాలని మరువకూడదు.

ఫలితం గురించి చెప్పాలంటే, ముందుగా తగ్గింది అర్ధరాత్రి మెలకువలు. నిద్ర కుదుటపడింది. వేలికొసల మొద్దుబారడం మాత్రం చాలా నెమ్మదిగా తగ్గింది, సూది పట్టు ఇంకా ఆలస్యంగా వచ్చింది. కనీసం ఆరు వారాలు క్రమం తప్పకుండా రాత్రిళ్లు కట్టుకుంటే గానీ తీర్పు చెప్పకూడదని వైద్యుడు ముందే అన్నారు. పగలు కుట్టేటప్పుడు కట్టుకోవద్దని, బదులుగా పనిమధ్యలో లేచి చేతికి విశ్రాంతి ఇవ్వమని చెప్పారు. మణికట్టు కదలకుండా బిగించి పనిచేస్తే వేళ్ల మీదా మోచేతి మీదా భారం పడుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇంతకంటే మేలా అని అడిగేవారికి ఒక మాట: 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో 234 మందిని ఇంజెక్షన్ తీసుకునేవారు, రాత్రి స్ప్లింటు కట్టుకునేవారు అని రెండు వర్గాలు చేసి పోల్చినప్పుడు, ఆరు వారాలకు ఇంజెక్షన్ తీసుకున్నవారికి ఉపశమనం ఎక్కువగా ఉంది, ఆరు నెలలకు మాత్రం రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తొందరగా ఉపశమనం కావలసినవారికి ఇంజెక్షన్ మంచి మార్గమే, ఓపిక పట్టగలవారికి స్ప్లింటుతో మొదలుపెట్టడంలో నష్టం లేదు.

వేడినీటిలో మెత్తబడే థర్మోప్లాస్టిక్ రేకును చేతిమీదే అచ్చుపోసి తయారుచేసే స్ప్లింట్లు పెద్ద ఆసుపత్రుల్లోని ఆక్యుపేషనల్ థెరపీ విభాగాల్లో దొరుకుతాయి. అవి కచ్చితంగా అమరుతాయి, కోణం మారదు. ఖరీదు ఎక్కువ. వేళ్లు వంకరపోయినవారికి, మామూలు కొలతలు సరిపోనివారికి తప్ప మిగతావారికి దుకాణపు స్ప్లింటునే తిన్నగా చేసి వాడడం చాలు.

ఈ సాధనాన్ని చేతినొప్పులన్నిటికీ ఒకే మందులా అమ్మడం నాకు బాధ కలిగించే విషయం. పసిబిడ్డను పదేపదే ఎత్తుకునే తల్లులకు బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన వచ్చే పోటు చాలాసార్లు డిక్వెర్వేన్ అనే వేరే జబ్బు; దానికి బొటనవేలిని కూడా పట్టి ఉంచే స్ప్లింటు కావాలి, దీనిలో బొటనవేలు స్వేచ్ఛగా కదులుతుంది కనుక లాభం ఉండదు. చిటికెనవేలు మొద్దుబారుతుంటే నలుగుతున్నది వేరే నరం, తరచుగా మోచేతి దగ్గర. మెడ కదిపినప్పుడు చేతిలోకి జివ్వున లాగితే మెడను చూపించుకోవాలి. పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్ల కణుపులూ వాచి, గంటకు పైగా బిగుసుకుని ఉంటే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం కావచ్చు, దానికి ఎంత త్వరగా మందులు మొదలుపెడితే కీళ్లు అంతగా నిలుస్తాయి. స్ప్లింటు కట్టుకుని నెలలు గడిపితే ఆ సమయం చేజారిపోతుంది. చర్మంమీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చతోపాటు చేతి తిమ్మిరి ఉంటే కుష్ఠువు పరీక్ష తప్పనిసరి. దానికి మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

కార్పల్ టన్నెలే అయినా, బొటనవేలి కింది కండ కరిగి చదునుగా కనిపిస్తున్నా, వేళ్లలో స్పర్శ ఎప్పుడూ లేకుండా పోయినా స్ప్లింటుతో కాలయాపన చేయకూడదు. ఆ దశలో మణికట్టు పైకప్పులాంటి లిగమెంటును కోసి నరానికి చోటు కల్పించే శస్త్రచికిత్స అవసరమవుతుంది. ఎక్కువమందికి చేతికి మత్తుసూది మాత్రమే ఇచ్చి చేసి, అదే రోజు ఇంటికి పంపిస్తారు.

తిమ్మిరి అనగానే చాలామంది బీకాంప్లెక్స్ మాత్రలు తమంతట తామే మొదలుపెడతారు. నరం నలిగినందువల్ల వచ్చిన తిమ్మిరిని అవి తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. పైగా బీ6 విటమిన్‌ను పెద్ద మోతాదులో ఎక్కువకాలం మింగితే అదే నరాలను దెబ్బతీస్తుంది. అమ్మగారికి థైరాయిడ్ తక్కువగా ఉన్నట్టు పరీక్షలో బయటపడింది, దాని మాత్ర వేరే మొదలుపెట్టారు. ఆ పరీక్ష చేయించకుండా స్ప్లింటు ఒక్కటే కొనుక్కుని ఉంటే నరం నలగడానికి దోహదపడుతున్న కారణం అలాగే ఉండిపోయేది.

గర్భిణులకు మాత్రం ఈ స్ప్లింటు గురించి ప్రత్యేకంగా చెబుతాను. నెలలు నిండేకొద్దీ ఒంట్లో నీరు చేరి చాలామందికి చేతులు తిమ్మిరెక్కుతాయి. ఎక్కువమందికి కాన్పు తరువాత అది దానంతటదే తగ్గిపోతుంది. మాత్రలు వేసుకోవడానికి వెనకాడే ఆ నెలల్లో, బద్దను తిన్నగా చేసి, పట్టీలు వదులుగా పెట్టి కట్టుకునే స్ప్లింటు వారికి నిశ్చింతగా వాడదగినది. చేతులు వాచే రోజుల్లో సాయంత్రం పూట కొలత తీసుకుని కొనాలి.