నేపియర్ గడ్డి ఒప్పంద సాగు: ప్లాంటుకు రాయితీ, రైతుకు కాంటా చీటీ

వాహనాలకు వాడే బయోగ్యాస్ తయారీకి నేపియర్ గడ్డి పెంచి ఇమ్మని, ఐదేళ్ల కొనుగోలు ఒప్పందంతో ఒక గ్యాస్ సంస్థ నల్లగొండ జిల్లాలోని మా మండలానికి వచ్చింది. రెండెకరాల చెలకలో ఆ ఒప్పందం కింద గడ్డి వేసి, ఏడాదికి పైగా కోతలు ఇచ్చిన రైతుగా, ఆ సంస్థ సేవ ఎలా ఉందో, ఈ పంట వెనుక ఉన్నదని చెబుతున్న ప్రభుత్వ ప్రోత్సాహం రైతు చేతికి ఎంత అందుతుందో ఇక్కడ రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. ఇటువంటి ఒప్పంద పత్రం చేతికి వచ్చిన రైతు ఏ సంస్థదైనా సరే ఏ షరతు దగ్గర ఆగి చదవాలో తెలిస్తే చాలునని నా ఉద్దేశం.

షరతులు ఇవి. పచ్చిగడ్డికి టన్నుకు 1,000 రూపాయలు ఇస్తారు. కోత యంత్రం, రవాణా సంస్థవే. నాటడానికి కావలసిన రెండు కణుపుల ముక్కలను సంస్థే ముందుగా ఇచ్చి, వాటి ధరను మొదటి బిల్లుల్లో మినహాయించుకుంటుంది. నాటిన 75 రోజులకు మొదటి కోత, ఆ తరువాత 45 రోజులకొక కోత తీసుకుంటామని రాశారు. ఒప్పందం నడిచినంత కాలం గడ్డిని మరెవరికీ అమ్మకూడదు.

ముందు మెచ్చుకోదగినవి చెప్పాలి. పత్తి ఏరే రోజుల్లో రోజుకూలి ఎంత ఇస్తామన్నా మనుషులు దొరకని మా ఊళ్లో, కోత భారమంతా సంస్థ మోయడం చిన్న మేలు కాదు. యంత్రం చేనులోకి వచ్చి, గడ్డిని కోసి, అక్కడికక్కడే ముక్కలు చేసి ట్రాలీలో నింపుతుంది. కాంటా దగ్గర రైతు నిలబడి చూడవచ్చు. చీటీ చేతికిస్తారు, బరువు వివరం ఫోనుకు కూడా వస్తుంది. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది, మధ్యలో దళారి లేడు. ధాన్యం కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసి రోజులు లెక్కపెట్టినవారికి ఈ పద్ధతి ఎంత హాయిగా ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు.

చిక్కు కోత సమయం దగ్గర మొదలవుతుంది. ఒప్పందంలో 45 రోజులని ఉన్నా, ఒకే యంత్రం పలు గ్రామాలు తిరగవలసి రావడంతో మా వంతు తరచుగా ఆలస్యమయింది. గడ్డి ముదిరితే కాండం గట్టిపడి పీచు పెరుగుతుంది, అడుగు ఆకులు ఎండిపోతాయి, ట్యాంకులో కుళ్లే గుణం తగ్గి గ్యాస్ తక్కువగా వస్తుంది. అందువల్ల ముదురు గడ్డికి తరుగు తీస్తామని సంస్థ అంటుంది. ఆ మాటలో తప్పు లేదు. కాని గడ్డి ముదిరింది యంత్రం రాకపోవడం వల్ల అయినప్పుడు కూడా ఆ తరుగు రైతు లెక్కలోనే పడటం సమంజసం కాదు. వానాకాలంలో తరుగు తేమ పేరుతో వస్తుంది. నేపియర్ పచ్చిగడ్డి బరువులో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఎలాగూ నీరే. దానిపైన తడిసిన గడ్డి అని ఎంత తగ్గించాలో కంటిచూపుతో నిర్ణయించే అధికారం ఒక్క సూపర్‌వైజరుకు వదిలేశారు. ఇది చాలదన్నట్టు మెత్తని నేలలో ట్రాక్టరు చక్రాలు దిగి దుబ్బులు నలిగిపోతే, ఆ నష్టానికి ఒప్పందంలో ఒక్క పంక్తి కూడా లేదు.

దిగుబడి విషయంలో కరపత్రం చెప్పేదానికీ చేనులో వచ్చేదానికీ దూరం ఎక్కువ. ఎకరాకు ఏడాదికి 150 టన్నులని అందులో అచ్చువేశారు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన కో-4 వంటి సంకర నేపియర్ రకాలకు శాస్త్రజ్ఞులు చెప్పే దిగుబడి ఆ స్థాయిలోనే ఉంటుంది కనుక ఆ అంకెను అబద్ధం అనలేము. అయితే ఆ దిగుబడి వారం వారం తడి, ప్రతి కోత తరువాత నత్రజని, పశువుల ఎరువు, మంచి నేల అన్నీ సమకూరినప్పుడు వచ్చేది. వేసవిలో బోరు సన్నగిల్లే మా ఎర్రచెలకలో మొదటి ఏడాది ఎకరాకు 60 టన్నులు వచ్చాయి. బంజరు భూమిలో కూడా పండే పంట అని చెప్పి చేర్చుకునేవారిని, ఆ బంజరుకు నీళ్లు ఎక్కడినుంచి వస్తాయని అడగాలి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద నీరున్న రైతు వరిని విడిచి గడ్డి వేయడు. నీరులేని దేవరకొండ, మునుగోడు వైపు చెలకల్లో వేస్తే గడ్డి బతుకుతుంది గాని టన్నులు రావు.

ఖర్చు కూడా చెప్పాలి. దుక్కి, బోదెలు, ఎకరాకు 14,000 ముక్కల ధర, నాటే కూలి కలిపి ఎకరాకు 30,000 రూపాయలయింది. యూరియా, ఎరువు, మొదటి కోత లోపు రెండు కలుపులు కలిపి మరో 15,000. 60 టన్నులకు వచ్చిన 60,000లో మిగిలింది 15,000. రెండో ఏడు నాటే ఖర్చు ఉండదు కాబట్టి లెక్క మెరుగుపడుతుంది. మూడు నాలుగేళ్లు నిలిచే పంట స్వభావమే ఇంత: భారమంతా మొదటి ఏట, ఫలం తరువాతి ఏళ్లలో. ప్రభుత్వ సాయం అవసరమయ్యేది కూడా ఆ మొదటి ఏటనే.

రైతు వేదికలో జరిగిన సమావేశంలో సంస్థ ప్రతినిధి దీనిని కేంద్ర ప్రభుత్వ రాయితీ ఉన్న పంటగా పరిచయం చేశాడు. రాయితీ ఉన్నమాట నిజమే, అది ఎక్కడ ఆగుతుందో మాత్రం చెప్పలేదు. 2018 అక్టోబరు 1న కేంద్రం సతత్ అనే కార్యక్రమాన్ని ప్రారంభించి, కంప్రెస్డ్ బయోగ్యాస్‌ను చమురు కంపెనీలు కొనేటట్టు ఏర్పాటు చేసింది. నగర గ్యాస్ సంస్థలు తాము అమ్మే గ్యాస్‌లో బయోగ్యాస్‌ను 2025-26లో 1 శాతం, 2026-27లో 3 శాతం, ఆపై 4, 2028-29 నుంచి 5 శాతం కలపాలని నిర్ణయించింది. ప్లాంటు కట్టేవారికి రోజుకు 4,800 కిలోల ఉత్పత్తి సామర్థ్యానికి 4 కోట్ల చొప్పున, ప్రాజెక్టుకు గరిష్ఠంగా 10 కోట్ల ఆర్థిక సహాయం ఉంది. జీవపదార్థాన్ని సేకరించే యంత్రాల ధరలో సగం, గరిష్ఠంగా 9 కోట్ల వరకు, ప్లాంటుకే వస్తుంది. గ్యాస్ తీశాక మిగిలే సేంద్రియ ఎరువు అమ్మకానికి కూడా టన్నుకు 1,500 రూపాయల మార్కెటింగ్ సహాయం ప్రకటించారు. ఈ వరుస మొత్తంలో గడ్డి నాటిన మనిషికి నేరుగా అందేది ఏదీ లేదు. అతని ఎరువు తిన్న గడ్డి ప్లాంటులోకి వెళ్లి, ఎరువై బయటికి వచ్చి, అప్పుడు రాయితీకి అర్హత పొందుతుంది!

రైతుకు అందేవి లేవా అంటే, ఎకరాకు ఏడాదికి 12,000 రూపాయల రైతు భరోసా ఉంది, బోరుకు ఉచిత విద్యుత్తు ఉంది. ఈ రెండూ పత్తి వేసినా, కంది వేసినా వచ్చేవే. గడ్డి వేసినందుకు అదనంగా ఒక్క రూపాయి లేదు. రైతు భరోసా పట్టాదారుకు వస్తుంది కాబట్టి, భూమిని కౌలుకు తీసుకుని గడ్డి వేసినవాడికి అదీ లేదు. ఆయిల్‌పామ్ సంగతి వేరు. 2021లో వచ్చిన జాతీయ మిషన్ కింద మొక్కలకు హెక్టారుకు 29,000 రూపాయల సాయం, కాపుకు రాని తొలి నాలుగేళ్లూ తోట పోషణకు, అంతర పంటలకు సాయం ఉన్నాయి. తనకు కేటాయించిన ప్రాంతంలోని గెలలను ఆయిల్‌పామ్ కంపెనీ కొని తీరాలి. అదే నేపియర్ పశువుల కోసమైతే, దానిని పాతరగడ్డిగా (గాలి తగలకుండా పులియబెట్టి నిల్వచేసే మేతగా) మార్చే యూనిట్‌కు జాతీయ పశుగణ మిషన్ 50 లక్షల పరిమితితో సగం పెట్టుబడి రాయితీ ఇస్తుంది. గడ్డి ఒకటే. అది గేదె నోటికి పోతే ఒక లెక్క, గ్యాస్ ట్యాంకుకు పోతే మరో లెక్క.

ఇతర దేశాలు ఈ లోటును వేరుగా చూశాయి. అమెరికా 2008 వ్యవసాయ చట్టంలో బీక్యాప్ అనే పథకాన్ని పెట్టి, స్విచ్‌గ్రాస్, మిస్కాంథస్ వంటి బహువార్షిక గడ్డిని ఇంధనం కోసం నాటే రైతుకు నాటే ఖర్చులో 75 శాతం వరకు భరించింది. గడ్డి జాతులకు ఐదేళ్ల వరకు భూమి అద్దె వంటి వార్షిక చెల్లింపు, కోసి ప్లాంటుకు చేర్చిన ఎండు టన్నుకు, కొన్నవారు ఇచ్చే ధరకు సమంగా ప్రభుత్వం కలిపే జోడు చెల్లింపు 45 డాలర్ల వరకు ఇచ్చింది. 2014 చట్టంలో సాయాన్ని నాటే ఖర్చులో 50 శాతానికి, ఎకరాకు సాధారణంగా 500 డాలర్లు మించకుండా, టన్ను చెల్లింపును 20 డాలర్లకు తగ్గించారు. ఇంగ్లండులో కూడా 2000లో మొదలైన పథకం మిస్కాంథస్ నాటే ఖర్చుకు గ్రాంటు ఇచ్చి, 2013లో కొత్త దరఖాస్తులను ఆపేసింది. అక్కడ అంతా సవ్యంగా జరిగిందని నేను అనను. అమెరికాలో తొలి ఏళ్ల జోడు చెల్లింపుల్లో పెద్ద భాగం కొత్తగా నాటిన గడ్డికి గాక, అప్పటికే మార్కెట్లో ఉన్న కలప వ్యర్థాలకు పోయిందన్న విమర్శ వచ్చింది. 2018 చట్టంతో ఆ పథకానికి తప్పనిసరి నిధులు పోయాయి. అయినా రైతు మొదటి ఏటి భారాన్ని గుర్తించి సొమ్మును చేను దగ్గరికే పంపాలన్న ఆలోచన సరైనది. నా లెక్కకు అన్వయించి చూస్తే, నాటే ఖర్చులో సగం తిరిగి వస్తే ఎకరాకు 15,000, అంటే మొదటి ఏడాది మిగులు రెట్టింపు అవుతుంది.

ధర విషయం మరింత బలహీనంగా ఉంది. చెరకు రైతుకు కేంద్రం నిర్ణయించే ధర ఉంది, 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 రోజుల్లో చెల్లించకపోతే 15 శాతం వడ్డీ ఉంది. గడ్డికి అటువంటి చట్టమేదీ లేదు. ఉన్నదల్లా సంస్థ రాసిన కాగితమే. అందులో ఐదేళ్లకూ ఒకే ధర రాశారు. యూరియా, కూలి, మోటారు మరమ్మతు పెరుగుతున్నా టన్ను వెయ్యి దగ్గరే నిలబడుతుంది. పైగా ఏప్రిల్, మే నెలల్లో ఊళ్లోని గేదెల రైతులు పచ్చిమేత కోసం ఇంతకన్నా మంచి ధర ఇస్తామని వచ్చినా బయటికి అమ్మరాదన్న షరతు అడ్డం వస్తుంది. హైదరాబాదు శివారులో మూసీ వెంట పేరాగడ్డి పెంచి నగరంలోని గేదెల కొట్టాలకు అమ్ముకునే రైతులు ఏ పథకమూ లేకుండానే దశాబ్దాలుగా బతుకుతున్నారు. వారికి కాలాన్ని బట్టి ధర అడిగే స్వేచ్ఛ ఉంది, మాకు లేదు.

కోత, కాంటా, చెల్లింపు ఏర్పాట్లకు ఈ సేవకు ఐదులో మూడున్నర ఇస్తాను. ఒప్పంద షరతులకు రెండు కన్నా ఎక్కువ ఇవ్వలేను. వేసవిలోనూ నిలిచే నీటి వసతి, ఇంట్లో కూలికి దిగే మనుషులు లేని పరిస్థితి, పత్తితో విసిగిన నేల ఉన్నవారు ఒక ఎకరంతో మొదలుపెట్టవచ్చు. బోరును అప్పు చేసి వేసి, దానిని నమ్ముకుని ఐదెకరాలకు సంతకం చేయవద్దు. కౌలు రైతులైతే ఐదేళ్ల కౌలు పత్రం చేతిలో లేకుండా ఈ పంట జోలికి పోకూడదు, ఎందుకంటే గడ్డి బాగా లేచాక భూయజమాని తానే సంస్థతో మాట్లాడుకోవడానికి అడ్డేమీ లేదు.

సంతకం చేయబోయేవారు కోత గడువు దాటితే తరుగు వేయకూడదని, తేమను పరికరంతో రైతు ఎదుటనే కొలవాలని, ధరను ఏటా సవరించాలని, వేసవిలో ఒక కోతను పశువుల కోసం ఉంచుకోనివ్వాలని ముందే రాయించుకోవాలి. మా ఊరి రైతులం కలిసి ఇవే కోరికలు సంస్థకు రాసి ఇచ్చాము. తేమ కొలిచే పరికరం తెస్తామని, కోత ఆలస్యమైతే తరుగు ఉండదని కాగితం మీద ఒప్పుకున్నారు. వేసవి కోత సంగతి, ధర సవరణ సంగతి పై ఆఫీసు పరిశీలనలో ఉన్నాయని చెప్పారు.