ఏడేళ్ళ స్పాంజి ఫిల్టరు: పొగడ్త కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను

2018 మొదట్లో బరంపురం వెళ్ళినప్పుడు కొన్నాను, గాలి బుడగలతో చేపల ట్యాంకు నీళ్ళని స్పాంజిలోంచి లాగి శుభ్రం చేసే ఈ స్పాంజి ఫిల్టరు. గాలి పంపుతో కలిపినా ఐదు వందలు కాలేదు. పర్లాకిమిడిలో మా ఇంట్లో ఉన్నది రెండడుగుల ట్యాంకు, అందులో గప్పీలు, మాలీలు అనే చిన్న చేపలు కలిపి పద్నాలుగు. పెట్టిన నెలన్నరకి నీళ్ళు ఎంత తేటపడ్డాయంటే, ఇంటికొచ్చినవాళ్ళు అసలు నీళ్ళున్నాయా అని వేలు పెట్టి చూసేవారు. ఇదొక్కటుంటే ఇంకేమీ కొనక్కర్లేదని కనబడినవాళ్ళందరికీ చెప్పాను. అదంతా తిత్లీ తుపాను రాకముందు మాట.

ఆ ఏడాది అక్టోబరు 11న తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా వీధికి కరెంటు వారం దాటాక గానీ రాలేదు. గాలి పంపు ఆగితే ఈ ఫిల్టరు ఒట్టి దూదిముద్దే. మేత మానేసి, వీలైనప్పుడల్లా చెంబుతో నీళ్ళు ముంచి పైనుంచి పోస్తూ చేపల్ని నిలబెట్టుకున్నాం. వారం రోజులూ ఒక్కటి కూడా చావలేదు. చావులన్నీ నేను శుభ్రం మొదలుపెట్టాకే.

కరెంటు రాగానే స్పాంజి తీస్తే కుళ్ళు వాసన. కుళాయి కింద పెట్టి కొత్తదానిలా అయ్యేదాకా పిండాను. ట్యాంకులో నీళ్ళు కూడా మొత్తం మార్చేసి, ఎంత పని చేశానో అని మురిసిపోయాను. మూడో రోజుకి నీళ్ళు బియ్యం కడుగులా అయ్యాయి.

షాపులో ఇచ్చిన 'నీళ్ళు తేట చేసే' చుక్కలు వేస్తే ఒక పూట బాగుంది, మర్నాటికి మళ్ళీ తెలుపు. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. మా అత్తమ్మేమో "బావి నీళ్ళలో పటిక తిప్పేవాళ్ళం కాదటే అమ్మాయ్, దీంట్లోనూ తిప్పెయ్" అని పటిక ముక్క తెచ్చింది. పటికతో నీళ్ళ పులుపు మారిపోతుంది, చేపలకి పడదని ఆమెను ఆపడానికే ఒక సాయంత్రం పట్టింది. నాలుగు గప్పీలు పోయాయి.

చివరికి ఫిల్టరు కొన్న షాపాయనకే ఫోను చేశాను. ఆయన ఒడియాలో తిట్టినంత పని చేశాడు. స్పాంజికి పట్టిన ఆ జిడ్డులోనేనమ్మా బాక్టీరియా ఉండేది, చేపల మలంలోంచి వచ్చే అమోనియా విషాన్ని నైట్రైటుగా, దాన్ని అంత హాని లేని నైట్రేటుగా మార్చేవి అవే అన్నాడు. గాలి ఆడక సగం, కుళాయి నీళ్ళ క్లోరిన్‌కి మిగతా సగం పోయి ఉంటాయట. ఇప్పుడు తెల్లగా కనబడేది వేరే జాతి బాక్టీరియా విరుచుకుపడటం; అవి కూడా ఆక్సిజన్ తాగేస్తాయి, చేపలు పైకి రావడం అందుకే. ఏమీ చెయ్యకుండా ఉండమన్నాడు. నాకు అన్నిటికంటే కష్టమైన పని అదే. రోజు విడిచి రోజు చిటికెడు మేత, రెండు రోజులకోసారి పావు వంతు నీళ్ళు, అవీ క్లోరిన్ పోయేలా ముందు రాత్రి బకెట్లో పట్టి ఉంచినవి. పన్నెండో రోజు పొద్దున లేచి చూస్తే వెనక గోడ మీది క్యాలెండరు ట్యాంకులోంచి కనిపించింది.

కాబట్టి 'ఇదొక్కటుంటే చాలు' అనడం మానేశాను. కిటికీ ఎండకి నీళ్ళు నాచుతో ఆకుపచ్చగా మారితే ఇది ఏమీ చెయ్యలేదు, ట్యాంకునే పక్కకి జరుపుకోవాలి. రాత్రిళ్ళు బుడబుడ చప్పుడొకటి. మాది తక్కువ చేపల ట్యాంకు, పైగా రోజంతా ఇంట్లోనే ఉండేదాన్ని. గోల్డ్‌ఫిష్ నింపినవాళ్ళకి దీన్ని కొనమని చెప్పే ధైర్యం నాకు లేదు.

అయినా మార్చలేదు, పైగా రెండోది కొన్నాను. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు కూడా అలమారలో ఉంది. స్పాంజీలు రెండూ ఒకేసారి ముట్టుకోను. ట్యాంకు నీళ్ళే మగ్గులోకి తీసి, నెలకొకదాన్ని అందులో రెండుసార్లు పిండి పెట్టేస్తాను. ఈ ఆదివారం ఎడమ పక్కదాని వంతు.