సూది ఊడిరాని ఇన్సులిన్ సిరంజి: హెచ్‌ఐవీని ఎంతవరకు ఆపుతుంది?

హెరాయిన్ ఎక్కించుకునేవారికి సూదులు పంచే కేంద్రాలు సిరంజి ఎంచుకునేటప్పుడు చూసేది ఎక్కువగా ధర. మొదట చూడాల్సింది, పిస్టన్ చివరిదాకా నొక్కాక లోపల ఎంత మిగులుతోందని. ఆ లెక్కన ఒక మిల్లీలీటరు ఇన్సులిన్ సిరంజికి మేం మంచి మార్కులే వేస్తాం.

సూది తీసి పెట్టుకునే మామూలు సిరంజిలో, మొన దగ్గరా సూది పిడిలోనూ కలిపి సుమారు 84 మైక్రోలీటర్లు నిలిచిపోతాయి. అంటే ఒకటిన్నర చుక్క. సిరంజి గొట్టానికే సూది అతికి ఉండే ఇన్సులిన్ సిరంజిలో నిలిచేది 2 మైక్రోలీటర్లే. నరం దొరికిందా లేదా అని ముందు కొంచెం రక్తం వెనక్కి లాగి చూస్తారు. మందు అయిపోయాక మళ్లీ రక్తం లాగి, గొట్టంలో అంటుకున్నది కూడా ఎక్కించుకునేవాళ్లున్నారు. అందుకే మిగిలే ఆ కాస్తలోనూ రక్తం ఉంటుంది. నీళ్లతో కడిగాక చూసినా మామూలు సిరంజిలో దాదాపు వెయ్యి రెట్లు ఎక్కువ రక్తం ఉన్నట్టు ప్రయోగశాలల్లో తేలింది. సిరంజి లోపల ఆ రక్తంలో హెచ్‌ఐవీ వారాల తరబడి బతకగలదు, అదే సిరంజి ఇంకొకరు వాడితే వారికి అంటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే తక్కువ మిగిల్చే ఈ రకం సిరంజిలు కూడా ఇవ్వమని కేంద్రాలకు చెప్పింది.

లోపాలూ ఉన్నాయి. సూది సన్నం, పొట్టి. గజ్జల్లో లోతుగా ఉన్న నరానికి అందదు. మాత్రలు, క్యాప్సూళ్ల పొడి నీళ్లలో కలిపి ఎక్కించుకునేవారికి మాటిమాటికీ మూసుకుపోతుంది. అలాంటివాళ్ల చేతిలో ఇదొక్కటే పెడితే పక్కవాడి పెద్ద సిరంజి అడుగుతారు, అసలుకే మోసం. వారికి పిస్టన్ కొస పొడుచుకొచ్చి మొనలోని ఖాళీని నింపే రకం, సూది మార్చుకోగలిగేది, తెప్పించాలి.

సిరంజి ఒక్కటే ఇచ్చి పంపే కిట్‌ను మాత్రం మేం మెచ్చుకోలేం. ఇద్దరు డబ్బులు కలిపి ఒక పొట్లం కొంటారు. ఒకే మూతలో కలుపుతారు, ఒకే దూది ముక్క గుండా లాగుతారు. వాటాలు సమానంగా రావాలని ఒకరి సిరంజితో కొలిచి, రెండోవాడి సిరంజి పిస్టన్ పీకి వెనకనుంచి అందులోకి పోస్తారు. ఎవరి సూది వారిదే, అయినా మొదటి సిరంజి అంతకుముందు వాడినదైతే అందులోని రక్తం రెండోవాడి గొట్టంలోకి చేరిపోయింది. కాబట్టి ప్రతి సిరంజితో పాటు విడి మూత, దూది, శుభ్రమైన నీళ్ల ఆంప్యూల్ ఉండాలి. పొడిగా ఉన్నప్పుడే పంచుకుని ఎవరిది వారు కలుపుకోవాలని సిబ్బంది చేసి చూపించాలి. బ్లీచింగ్‌తో కడగడం కొత్తది దొరకనప్పుడు చేసే పని, దానికి బదులు కాదు.

వాడే పద్ధతి ఎంత తేడా తెస్తుందో మణిపూర్ చెబుతుంది. మయన్మార్ సరిహద్దు దాటి వచ్చే తెల్లటి 'నంబర్ ఫోర్' హెరాయిన్ నీళ్లలో ఇట్టే కరుగుతుంది, అందుకే సూది బాట పట్టింది. 1989 తర్వాత ఏడాది తిరక్కుండానే అక్కడ ఎక్కించుకునేవారిలో సగం మంది దాకా హెచ్‌ఐవీ పాకింది. ఢిల్లీ, ముంబైలలో బ్రౌన్ షుగర్‌ను (ముతక హెరాయిన్) అల్యూమినియం రేకు మీద వేడిచేసి పొగ పీల్చేవారికి ఆ దారిన హెచ్‌ఐవీ రాదు. వ్యసనం, ఊపిరితిత్తుల చేటు, మోతాదు మించితే చావు, ఇవి వాళ్లకీ తప్పవు. సూది మానలేనివారికి హెరాయిన్‌కు బదులుగా నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్ర ప్రభుత్వ కేంద్రాల్లో ఇస్తారు. సిరంజి కోసం వచ్చినవారికి ఆ కేంద్రం దారి చెప్పని చోట సేవ సగమే.

పోలీసుల భయంతో పాత సూదులు వెనక్కి తేనివారు చాలామంది. 2017 హెచ్‌ఐవీ చట్టం సూదుల పంపిణీ నేరం కాదంటుంది, ఆ మాట కేంద్రం గోడ మీద రాసి ఉంచాలి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకుండా, గుచ్చుకోని గట్టి డబ్బాలో వేయించాలి. పొరపాటున ఎవరికైనా గుచ్చుకుంటే 72 గంటల్లోపు, వీలైతే మొదటి గంటల్లోనే, హెచ్‌ఐవీ సోకకుండా ఆపే మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఎక్కడ దొరుకుతాయో 1097కి ఫోన్ చేస్తే చెబుతారు.