ఐదేళ్ల వాడకం తర్వాత బ్యాక్‌ఫ్లో రికార్డుల సాఫ్ట్‌వేర్

నేను పర్లాకిమిడిలో ఇంటి నుంచే పనిచేస్తాను. టెక్సస్, కాలిఫోర్నియాల్లో బ్యాక్‌ఫ్లో పరికరాలను, అంటే మురికి నీరు తాగునీటి లైనులోకి వెనక్కి రాకుండా ఆపేవాటిని, పరీక్షించే ఒక కాంట్రాక్టు సంస్థకు రికార్డులు చూసే చిన్న టీమ్ మాది. గుణుపురంలో ఒకరు, పాతపట్నంలో ఇద్దరు ఉన్నారు. అక్కడి టెస్టర్లు ఫీల్డులో పరీక్ష చేసి రిపోర్టు పంపిస్తే, మేం దాన్ని సరిచూసి, సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, గడువు దాటకుండా ఆయా నీటి సరఫరా సంస్థలకు అందేలా చూస్తాం. 2020 చివర్లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్‌నే ఇప్పటికీ వాడుతున్నాం. ఒప్పందం వల్ల దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ తరహా సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఒకే పద్ధతిలో నడుస్తాయి కాబట్టి, కొనాలనుకునేవాళ్లకూ ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకూ పేరు లేకపోయినా లోటేమీ ఉండదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డ్యాష్‌బోర్డు అందం చూసి ఇలాంటి సాఫ్ట్‌వేర్ తీసుకోకండి. పరికరం మారినప్పుడు పాతదాని చరిత్రను ఏం చేస్తుందో చూడండి. పరీక్షలో ఫెయిలైన రోజు ఏం దాచుకుంటుందో చూడండి. ఆ రెండూ సరిగా ఉంటే మిగతా లోపాలతో సర్దుకుపోవచ్చు. మేం వాడేది మొదటి విషయంలో చాలా బాగుంది. రెండో విషయంలో మాత్రం మధ్యలో వచ్చిన ఒక పెద్ద అప్‌డేట్ తర్వాతే దారిలో పడింది.

బ్యాక్‌ఫ్లో అంటే ఏమిటో మా వైపు పిల్లలకు నేర్పడానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. మునిసిపాలిటీ నీళ్లు వచ్చే ఆ కాసేపట్లో ఎవరో కొళాయి లైనుకే నేరుగా టుల్లూ మోటారు బిగించి లాగుతారు. ఆ లాగుడుకి పైపులో ఒత్తిడి పడిపోతుంది. పక్కింటి కొళాయికి తగిలించిన గొట్టం చివర బట్టలు నానబెట్టిన బకెట్లో మునిగి ఉంటే, ఆ సబ్బునీళ్లు లైనులోకి వెళ్లిపోతాయి. మురిక్కాలువలోంచి పోయే పైపుకు చిన్న చిల్లు ఉన్నా అంతే, ఆ కంపు నీళ్లన్నీ ఎవరి బిందెలోకో చేరతాయి. 1969లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లోనూ జరిగింది ఇదే. మంటలార్పడానికి అగ్నిమాపక సిబ్బంది నీళ్లు తోడడంతో లైనులో ఒత్తిడి పడిపోయి, హోలీ క్రాస్ కాలేజీ ప్రాక్టీసు మైదానం దగ్గర తాగునీటి లైనులోకి కలుషిత నీరు చేరింది. ఫుట్‌బాల్ జట్టు హెపటైటిస్ బారిన పడింది, ఆ సీజన్‌లో మిగిలిన ఆటలన్నీ రద్దయ్యాయి.

ఇలా వెనక్కి మళ్లే నీటిని ఆపడానికే డబుల్ చెక్ (నీటిని ఒకవైపే పోనిచ్చే రెండు చెక్ వాల్వ్‌లు ఉండేది), ఆర్‌పీ (ఆ రెండు చెక్‌ల మధ్య నీటిని బయటికి వదిలే రిలీఫ్ వాల్వ్ కూడా ఉండేది), పీవీబీ (ఒత్తిడి పడిపోతే గాలిని లోపలికి రానిచ్చేది) లాంటి పరికరాలు బిగిస్తారు. లోపల స్ప్రింగులూ రబ్బరు డిస్కులూ ఉంటాయి. రబ్బరు అరిగిపోయినా, ఇసుక రేణువు ఇరుక్కున్నా బయటికి చూస్తే ఇత్తడి తళతళా మెరుస్తూనే ఉంటుంది. పనిచేస్తోందో లేదో ఒత్తిడి కొలిచే గేజ్ పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అందుకే చాలాచోట్ల బిగించిన రోజు, మరమ్మతు చేసిన రోజు, ఆపైన ఏడాదికోసారి పరీక్ష తప్పనిసరి. ఆ పరికరం బాగుందని చెప్పడానికి ఆ రిపోర్టులోని నాలుగు అంకెలు తప్ప వేరే సాక్ష్యం లేదు. మా పనిలో నేను ఇంత పట్టుదలగా ఉండేది అందుకే.

ఆ అంకెల సంగతికి వద్దాం. ఆర్‌పీలో రిలీఫ్ వాల్వ్ కనీసం 2.0 పీఎస్‌ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఒత్తిడి తేడా దగ్గర తెరుచుకోవాలి. డబుల్ చెక్‌లో ఒక్కో చెక్ కనీసం 1.0 నిలబెట్టాలి. పీవీబీలో గాలి లోపలికి వచ్చే వాల్వ్ 1.0కి తగ్గకుండా తెరుచుకోవాలి. సాఫ్ట్‌వేర్‌కు ఇది తెలిసుండాలి. మేం మొదలుపెట్టినప్పుడు తెలియదు. రిలీఫ్ వాల్వ్ దగ్గర 1.8 అని రాసి పక్కన పాస్ అని టిక్కు పెట్టినా మాట్లాడకుండా తీసుకునేది. 2.8 బదులు 28 కొట్టినా సరేననేది. ఇప్పుడు పరికరం రకాన్ని బట్టి ఎర్రగా చూపించి ఆపేస్తుంది, కారణం రాయనిదే ముందుకు పోనివ్వదు. ఈ ఒక్క మార్పు వచ్చాక రాత్రిపూట పడే టెన్షన్ సగం తగ్గింది.

అదే అప్‌డేట్‌లో ఇంకోటి వచ్చింది. పరికరం మొదటి పరీక్షలో ఫెయిలైతే టెస్టర్ దాన్ని విప్పి, కడిగి, రబ్బరు కిట్ మార్చి మళ్లీ పరీక్షిస్తాడు. టెక్సస్ పర్యావరణ శాఖ టీసీఈక్యూ వాళ్ల 20700 ఫారంలో కూడా మొదటి పరీక్షకు, మరమ్మతుకు, ఆ తర్వాతి పరీక్షకు విడివిడిగా చోటుంది. కానీ మా సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌లో చివరి ఫలితానికి మాత్రమే గడి ఉండేది. ఏటా ఫెయిలై ఏటా బాగుచేయించుకున్న పరికరం కూడా రికార్డులో నిక్షేపంగా ఉన్నట్టే కనిపించేది. ఇప్పుడు మూడూ విడిగా ఎక్కుతాయి, పాత ఏళ్లతో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఒక ఆసుపత్రిలోని ఆర్‌పీకి రిలీఫ్ వాల్వ్ రీడింగ్ వరసగా 3.4, 2.9, 2.3 వచ్చింది. మూడూ పాసే. మామూలుగా అయితే ఎవరూ పట్టించుకోరు. ఆ గీత కిందికి జారుతున్నది చూసి మేం టెస్టర్‌కు చెప్పాం. ఆయన ఆ ఏడే విప్పి చూస్తే లోపల డయాఫ్రం (రబ్బరు పొర) చిరగడానికి సిద్ధంగా ఉంది. ఆసుపత్రిలో రోగులు తాగే నీళ్లు అవి.

ఇక పరికరాలు మారడం. దీని గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే చాలా సాఫ్ట్‌వేర్లు బోల్తాపడేది ఇక్కడే. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో దశాబ్దాలుగా చూడనంత చలి వచ్చి పైపులు గడ్డకట్టి పగిలాయి. ఆరుబయట, నేల పైన బిగించిన బ్యాక్‌ఫ్లో పరికరాలు చాలా పోయాయి. ఆ తర్వాత మాకు కొత్త పరికరాల రిపోర్టులు కుప్పలుగా వచ్చి పడ్డాయి. అదొక్కటే కాదు, ఇత్తడి కోసం రాత్రికి రాత్రి పరికరాన్ని కోసుకుపోయే దొంగతనాలు అక్కడ మామూలే. అదే చిరునామా, అదే మీటరు, అదే గొయ్యి, కానీ పరికరం కొత్తది. ఇలాంటప్పుడు పాత రికార్డులోనే సీరియల్ నంబర్ తుడిచి కొత్తది రాసేస్తే, పాత పరికరం ఏళ్ల తరబడి ఇచ్చిన రీడింగులన్నీ కొత్తదాని ఖాతాలో పడతాయి. మేం వాడేది అలా చేయనివ్వదు. పాతదాన్ని తొలగించినట్టు తేదీతో, కారణంతో మూసి, అదే స్థలం కింద కొత్త పరికరాన్ని తెరవాలి. స్థలం పేజీ తెరిస్తే ఒకదాని కింద ఒకటి వరసగా కనిపిస్తాయి. డిలీట్ బటన్ మా ఎవరి లాగిన్‌లోనూ లేదు. ఎవరు ఏది ఎప్పుడు మార్చారో కూడా నమోదవుతుంది. దీనికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

సీరియల్ నంబర్ మాత్రం మనిషి కళ్లతోనే చూడాలి. టెస్టర్ పంపిన ఫొటోలో ట్యాగ్ మీద రంగు పూసేసి ఉంటుంది, లేదా ఎండకు వెలిసిపోయి 8, ఇంగ్లిష్ అక్షరం బీ ఒకేలా కనిపిస్తాయి. పాతపట్నం అమ్మాయి మొన్న ఫోన్ చేసి, "అక్కా, నిరుటి ఫొటోలో సున్నా అనుకున్నది ఈసారి ఫొటోలో ఇంగ్లిష్ అక్షరం O లా ఉంది, కొత్త పరికరమా, అదేనా?" అని అడిగింది. అలా అడిగేవాళ్లు టీమ్‌లో ఉండడం అదృష్టం. మోడల్ పేరు కూడా సాయం చేస్తుంది. అమెరికాలో తాగునీటి సామాన్లలో సీసం తగ్గించే చట్టం 2014 జనవరి నుంచి అమల్లోకి వచ్చాక కొన్ని కంపెనీల కొత్త పరికరాల మోడల్ పేరు ముందు ఎల్ఎఫ్ (లెడ్ ఫ్రీ, సీసం లేనిది) అని ఉంటుంది. నిరుడు ఆ అక్షరాలు లేకుండా ఈ ఏడు వచ్చాయంటే పరికరం మారిందేమో అని ఫీల్డుకు ఫోన్ చేయాల్సిందే.

మంటలార్పే నీటి కోసం వేసే ఫైర్ లైన్ల దగ్గర ఈ సాఫ్ట్‌వేర్ మీద నాకు ఇప్పటికీ కోపమే. అక్కడ పెట్టే డిటెక్టర్ రకం పరికరానికి పెద్ద లైనుతోపాటు పక్కనుంచి సన్నటి బైపాస్, దానిమీద చిన్న మీటరు, దానికో చిన్న బ్యాక్‌ఫ్లో పరికరం ఉంటాయి. పెద్దదానికి ఒక సీరియల్ నంబర్, చిన్నదానికి వేరే నంబర్, రెండింటికీ వేర్వేరు పరీక్ష. మా సాఫ్ట్‌వేర్ రెండింటినీ కలిపి ఒకే పరికరంగా చూస్తుంది. చిన్నది ఫెయిలై పెద్దది పాసైతే ఏం రాయాలి? మేం నోట్స్ గడిలో రాసి నెట్టుకొస్తున్నాం. నోట్స్‌లో రాసింది వెతికితే దొరకదు, గడువు లెక్కలోకీ రాదు.

తేదీల గొడవ మాలాంటి దూరపు ఊళ్లవాళ్లకు ఎక్కువ. వేసవిలో టెక్సస్‌లో సాయంత్రం ఏడు అంటే మనకు మర్నాడు తెల్లవారి అయిదున్నర. అంతర్జాతీయ సమయం (యూటీసీ) పాటించే సర్వర్ లెక్కలో అప్పుడే అర్ధరాత్రి దాటి తేదీ మారిపోతుంది. జూన్ 30 సాయంత్రం ఏడు దాటాక చేసిన పరీక్ష మొదట్లో జులై 1గా పడేది, గడువు దాటినట్టు కస్టమర్‌కు నోటీసు పోయేది. నెలల తరబడి అడగ్గా సరిచేశారు. ఎక్సెల్ నుంచి ఎక్కించేవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. మన కంప్యూటర్లో తేదీ సెట్టింగు ఇండియాది అయితే 04/07 అన్నది ఏప్రిల్ 7 కాకుండా జులై 4 అవుతుంది. సీరియల్ నంబర్ ముందున్న సున్నాలను ఎక్సెల్ మింగేస్తుంది, అంకెల మధ్యలో ఇంగ్లిష్ అక్షరం E ఉంటే దాన్ని పెద్ద లెక్క అనుకుని రూపమే మార్చేస్తుంది. కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాతే పేస్ట్ చేయండి.

గడువు ఎలా లెక్కేస్తుందో కూడా కొనేముందే అడగాలి. చివరి పరీక్ష తేదీకి ఏడాది కలిపితే, ప్రతిసారీ కొన్నాళ్లు ముందే పరీక్షించే కస్టమర్ గడువు ఏటా ఇంకాస్త ముందు తేదీకి జరుగుతూ పోతుంది. నెల ఖాయంగా ఉంచే ఏర్పాటు మా దాంట్లో ఉంది, నీటి సంస్థ నియమాన్ని బట్టి ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు.

నాకు బాగా నచ్చింది గేజ్‌ల, లైసెన్సుల కాపలా. టెస్టర్ సర్టిఫికెట్ గడువు దాటినా, ఏటా చేయించాల్సిన గేజ్ క్యాలిబ్రేషన్ (సరిగా చూపిస్తోందో లేదో సరిచూడడం) గడువు దాటినా ఆ రిపోర్టును సాఫ్ట్‌వేర్ తీసుకోదు. గేజ్ తప్పు చూపిస్తే ఆ గేజ్‌తో చేసిన పరీక్షలన్నీ అనుమానమే. ఏ గేజ్‌తో ఏయే పరికరాలు పరీక్షించారో ఒక్క నొక్కుతో జాబితా వస్తుంది. ఇది లేని సాఫ్ట్‌వేర్ తీసుకోవద్దు.

నోటీసు ఉత్తరాలు, ఈమెయిళ్లు బాగానే పోతాయి. మొబైల్ యాప్ సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది, కాకపోతే ఫొటోలు ఎక్కడానికి సమయం తీసుకుంటుంది. 2024 జులై 1 నుంచి కాలిఫోర్నియాలో బ్యాక్‌ఫ్లో మీద రాష్ట్రం పెట్టిన పాత టైటిల్ 17 నిబంధనల స్థానంలో క్రాస్ కనెక్షన్ కంట్రోల్ పాలసీ హ్యాండ్‌బుక్ వచ్చినప్పుడు మాకు కావలసిన గడులు ఆలస్యం లేకుండానే ఇచ్చారు. కస్టమర్ సపోర్టు మర్యాదగా మాట్లాడుతుంది, కానీ వాళ్ల పగలు మన రాత్రి.

మీరు తీసుకునేముందు డెమోలో ఒకటి చేయించండి. పరీక్షలూ ఫొటోలూ పీడీఎఫ్‌లూ అన్నీ కలిపి మొత్తం డేటా బయటికి తీసి చూపించమనండి. మాకు టేబుల్ శుభ్రంగానే వచ్చింది. పీడీఎఫ్‌లు మాత్రం అర్థంకాని నంబర్ల పేర్లతో వచ్చాయి, ఏది ఏ పరికరానిదో కలపడానికి ఇంకో ఫైలు అడిగి తెప్పించుకోవాల్సి వచ్చింది. రేపు సాఫ్ట్‌వేర్ మారాల్సి వస్తే ఆ ఫైలే ఆధారం కాబట్టి మూడు నెలలకోసారి తీసి దాచుకుంటున్నాం. బైపాస్ పరికరానికి వేరే రికార్డు వచ్చే వెర్షన్‌లో ఇస్తామన్నారు. వచ్చాక వాడి చూసి ఆ భాగం వరకు మళ్లీ రాస్తాను.