సోన్‌ప్రయాగ్–గౌరీకుండ్ షటిల్ జీపు: ఐదు కిలోమీటర్లే, కానీ టైం ఎక్కువ పెట్టుకోండి

యాత్రా సీజన్‌లో కేదార్‌నాథ్‌కి సొంత కారులో వచ్చినా, టెంపో ట్రావెలర్‌లో వచ్చినా సోన్‌ప్రయాగ్‌లోనో, దానికి ముందున్న సీతాపూర్ పార్కింగ్‌లోనో బండి వదిలేయాల్సిందే. అక్కణ్నుంచి కేదార్‌నాథ్ నడక మొదలయ్యే గౌరీకుండ్ దాకా లోకల్ షటిల్ జీపులే దిక్కు. ఇది చాలా మంచి ఏర్పాటు. పైన గౌరీకుండ్‌లో బండ్లు నిలిపే చోటు లేదు. పైగా ఏ మలుపులో రాళ్లు జారతాయో రోజూ తిరిగే డ్రైవర్లకే తెలుస్తుంది.

ఇబ్బందల్లా కొండతోనే. దారిలో వచ్చే మున్‌కటియా దగ్గర వాలంతా పగుళ్ల రాయి, వదులు మట్టి. వాన నీళ్లు ఇంకితే మట్టి బరువెక్కి పట్టు సడలుతుంది. వాన వెలిశాక కూడా రాళ్లు దొర్లుతుంటాయి కాబట్టే ఎండ కాస్తున్నా పోలీసులు బండ్లు ఆపుతారు. 2024 సెప్టెంబరులో అక్కడే కొండచరియ విరిగిపడి యాత్రికులు చనిపోయారు. ఆపినప్పుడు డ్రైవర్‌ని దయచేసి తొందరపెట్టకండి. రోడ్డు తెగిపోతే ఎస్డీఆర్ఎఫ్ (రాష్ట్ర విపత్తు సహాయక దళం) వాళ్లు దగ్గరుండి నడిపించి దాటిస్తారు. అప్పుడు ఫోన్ జేబులో పెట్టేసి, కళ్లు పై వాలు మీద ఉంచి, మధ్యలో నిలబడకుండా దాటాలి. అవతల జీపు దొరుకుతుందన్న నమ్మకం లేదు. అందుకే పెద్ద సూట్‌కేసులు కిందే వదిలి, భుజాన మోయగలిగిన ఒక్క బ్యాగే తీసుకెళ్లండి. లోపలి బట్టలు, మందులు ప్లాస్టిక్ కవర్లో చుట్టాలి.

యాత్రా రిజిస్ట్రేషన్ కాగితం సోన్‌ప్రయాగ్‌లో చూస్తారు, చేతికందేలా ఉంచుకోండి. తెల్లవారకముందే క్యూలో నిలబడితే మేలు. 2013 వరదలో నడకదారి మధ్యలోని రాంబాడా మజిలీ కొట్టుకుపోయాక దారిని మందాకిని నది అవతలి ఒడ్డుకు మార్చారు. పాత 14 కిలోమీటర్లు ఇప్పుడు 16 దాటాయి, ఎక్కుడూ ఎక్కువే. జీపు కోసం పొద్దు పోగొట్టుకుంటే చీకట్లో నడవాల్సి వస్తుంది. దర్శనమై దిగేవాళ్లంతా సాయంత్రం ఒక్కసారే గౌరీకుండ్ చేరతారు, అప్పటి క్యూ మరీ పెద్దది. పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే ఆ రాత్రి గౌరీకుండ్‌లోనే ఆగి పొద్దున్నే మొదటి జీపుల్లో దిగడం నయం.

జూలై, ఆగస్టుల్లో మాత్రం వెళ్లొద్దనే చెబుతాం. సెప్టెంబరు చివర నుంచి దీపావళి దాకా కొంత నయం. హైదరాబాద్, విజయవాడ వైపు తిరుగు రైలుకు కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. తిరుగు దారిలో శ్రీనగర్ (కశ్మీర్‌ది కాదు, ఉత్తరాఖండ్‌లోది), రుద్రప్రయాగ్ మధ్య సిరోబగడ్ దగ్గర కూడా రోడ్డు మూసుకుపోతుంటుంది.