మ్యూన్‌స్టర్‌లో విడిది గొడవ

జర్మనీలోని మ్యూన్‌స్టర్ వెళ్ళేవాళ్ళు గది బుక్ చేసే ముందు మెట్ల సంగతి అడగండి. మేం తీసుకున్న ఇల్లు రాత్రికి 84 యూరోలు, క్లీనింగ్‌కు ఇంకో 35. లిఫ్టు ఉందన్నారు, నిజమే. అది మూడో అంతస్తు వరకే, గది నాలుగులో. తాళంచెవి పెట్టెకు ఇచ్చిన నంబరు పనిచేయక వానలో నలభై నిమిషాలు నిలబడ్డాం. ఓనరు ఫోన్ ఎత్తడు. మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. ఆ చివరి మెట్లు చూసి ఒక్క మాటా అనలేదు, నాకు అదే టెన్షన్. రాత్రి మా ఆవిడ గంజి వార్చి అన్నం వండి, ఆవకాయ సీసా తీశాక గానీ ఆయన నోరు విప్పలేదు.

పొద్దున టౌన్‌హాల్లో శాంతి మందిరం చూశాం. స్పెయిన్, డచ్చివాళ్ళు 80 ఏళ్ళ పోరు ముగిస్తూ 1648 మే 15న ప్రమాణం చేసింది ఇక్కడే. గది చాలా చిన్నది. 1944లో భవనం కూలినా, గోడల చెక్కపని ముందే విప్పి దాచడంతో మిగిలింది. జర్మన్ రాజ్యాలను నలిపేసిన ముప్పై ఏళ్ళ యుద్ధాన్ని ముగించిన, అదే ఏడాది అక్టోబరు 24 నాటి సంతకాలూ ఇక్కడివే అనుకుని వెళ్ళాను. కాదట, అవి రాయబారుల విడుదుల్లో జరిగాయి.

ఆ మాటతో మామయ్యగారికి హుషారొచ్చింది. తహసీల్దారుగా రిటైరైన మనిషి. "అందరినీ ఒకచోట కూర్చోబెట్టలేదా?" అన్నారు. ఎక్కడండీ! పోప్ దూత కీజీ ప్రొటెస్టెంట్లతో నేరుగా మాట్లాడనన్నాడు. జర్మన్ రాజ్యాలకు పైనుండే పవిత్ర రోమన్ చక్రవర్తి మనుషులు ఫ్రాన్స్‌తో ఇక్కడ, స్వీడన్‌తో 50 కిలోమీటర్ల అవతల ఓస్నాబ్రుక్‌లో బేరాలాడారు. ఎవరు ముందు నడవాలి, ఎవరిని ఏ బిరుదుతో పిలవాలి అని నెలల తరబడి పేచీలు. "మగపెళ్ళివారికి కాఫీ ఆలస్యమైనట్టే ఉంది" అన్నారాయన. కీజీ కూడా ఈ ఊరి వానను తిట్టుకున్నవాడే. అది విన్నాక కీజీ మీద నాకు కాస్త అభిమానం కలిగింది.

ఓస్నాబ్రుక్‌కు రైల్లో అరగంట, 2025లో నెలకు 58 యూరోలున్న పాస్ సరిపోయింది. అక్కడి టౌన్‌హాల్ తలుపు పిడి మీద పావురం, 1648 అని అంకె. చేతులు తగిలి తగిలి నున్నబడింది. లోపల రాయబారుల చిత్రాలు. ఒక్కడి ముఖంలోనూ నవ్వు లేదు. నన్నడిగితే రాత్రి బస ఓస్నాబ్రుక్‌లోనే పెట్టుకోండి.

ఓనరుతో మూడు రోజులు మెసేజ్‌లు నడిచాయి. 20 యూరోలు వెనక్కిచ్చాడు.